కొండమ్మ పిల్లికూతలు

రేపల్లె స్టేషను వెనక కాలనీలో, మే నెల మిట్టమధ్యాహ్నం, కరెంటు ఉండగానే ఫ్యాను ఆపేసి తలుపులు బిగించుకుని పడుకునే మనిషి ఒక్కడే ఉండేవాడు. పేరు లూకా. వయసు యాభై ఎనిమిది. రైస్ మిల్లులో రాత్రి డ్యూటీ చేసే మనిషి పగలు పడుకోవడంలో వింత లేదు. వింతంతా ఆ ఫ్యానులోనే ఉంది. వీధి కుక్కలు సైతం కాలవ బురదలో పొర్లే ఎండలో, దుప్పటి చెమటకు తడిసి ముద్దవుతుంటే, అతను వెల్లకిలా కదలకుండా పడుకుని ఉండేవాడు. పిసినారి అన్నారు కొందరు. భార్య పోయాక మతి చలించిందన్నారు ఇంకొందరు. ఆ రెండో మాట అన్నవాళ్ళే నిజానికి కాస్త దగ్గరగా వచ్చారు. ఫ్యాను తిరిగితే ఆ చప్పుడులో అతనికి కొండమ్మ ఊపిరి వినపడదు. కొండమ్మ చనిపోయి అప్పటికి రెండేళ్ళు దాటింది.

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. లూకా ఎవరినీ నమ్మమని అడగలేదు, తనంతట తాను ఎవరికీ చెప్పుకోలేదు కూడా.

మొదటిసారి విన్నది కొండమ్మ పోయాక ఇంట్లో పెట్టిన ఆదరణ కూడిక అయిన మర్నాడు. చుట్టాలు వెళ్ళిపోయారు, అద్దెకు తెచ్చిన కుర్చీలు వెళ్ళిపోయాయి, ఇల్లు ఒక్కసారిగా బోసిపోయింది. అలిసిపోయి మంచం మీద వాలాడు. కళ్ళు మూతపడుతున్న సమయంలో, గోడ వైపు నుంచి, కొండమ్మ ఎప్పుడూ పడుకునే పక్క నుంచి, పిల్లికూతలు మొదలయ్యాయి. పైన సన్నగా ఈల వేసినట్టు ఒకటి, దాని అడుగున గురగురమని ఇంకొకటి. ఊపిరి వదిలేటప్పుడు సాగదీసినట్టుండి, చివర్లో చిన్నగా విరుగుతుంది. పదేళ్ళు పక్కన పడుకుని విన్న చప్పుడది. వెయ్యిమందిలో వినిపించినా గుర్తుపడతాడు. ఒళ్ళంతా జలదరించింది. ఆ తరవాత భయం పోయి, ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"కొండమ్మా" అన్నాడు మెల్లగా.

చప్పుడు ఆగిపోయింది.

ఊపిరి బిగపట్టి విన్నాడు. ఏమీ లేదు. రోడ్డు మీద ఎక్కడో లారీ హారను, పక్కింటి కుక్కర్ కూత. విసిగి, నిట్టూర్చి, మళ్ళీ తల వాల్చాడు. కాసేపటికి ఆమె కూడా మళ్ళీ మొదలుపెట్టింది.

అప్పటి నుంచి రోజూ అదే తంతు. చెవులు రిక్కించి వింటే ఉండదు. పట్టించుకోకుండా నిద్రలోకి జారుతుంటే వస్తుంది. లూకాకు ఇందులో వింతేమీ కనబడలేదు. బతికున్నప్పుడూ ఆమె పద్ధతి అదే మరి. రాత్రంతా బాయిలర్ దగ్గర మాడి వచ్చిన మొగుడికి నిద్రాభంగం అవుతుందని, కూతలు ఎక్కువైనప్పుడు చీర కొంగు నోట్లో కుక్కుకునేది. అతను కదిలితే చాలు, ఊపిరి ఆపేసేది. చచ్చిపోయాక మాత్రం అలవాట్లు ఎక్కడికి పోతాయి? నేను వింటున్నానని తెలిస్తే ఆపేస్తుంది, పిచ్చిది, అనుకునేవాడు.

లూకా పుట్టింది రేపల్లెకు అవతల కృష్ణ ఒడ్డున ఒక లంకలో. పద్దెనిమిదేళ్ళకు మిల్లుకు వచ్చి బస్తాలు మోశాడు. నడుం పట్టేశాక బాయిలర్ పొయ్యికి ఊక ఎగదోసే పనిలో పెట్టారు. ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకాలంటే ఆవిరి కావాలి, ఆవిరికి మంట కావాలి, మంటకు ఊక కావాలి. ముప్పై ఏళ్ళు ఆ ఊక నుసిలో, బూడిదలో గడిపాడు. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుంటే చాలుననుకునే రోజులవి. మిల్లులో అతనికి మంచి పేరే ఉంది. మంట రంగు చూసి ఆవిరి ఎంత ఉందో చెప్పేవాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఒక్క విషయంలో మాత్రం గొప్పలు పోయేవాడు: "మా ఇంట్లో వంటచెరుకు కొన్న పాపాన పోలేదు" అని. నిజమే. మిల్లు ఊక సైకిలు మీద వేసుకుని వచ్చేవాడు, కొండమ్మ దాన్ని ఊకపొయ్యిలో కూరి వండేది. ఆ పొయ్యికి పొగ ఎక్కువ. గ్యాసు బండ వచ్చేసరికి ఆమెకు నలభై ఆరు. అప్పటికే మెట్టెక్కితే ఆయాసం.

పోయే ముందు ఏడాది ఊళ్ళో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. గుంపులో తోసుకుని వెళ్ళి చూపించుకుంటే ఎవరో కుర్ర డాక్టరు చీటీ రాసిచ్చాడు. గొట్టం మాత్రలు, పూటకొకటి. లూకా వాటిని గూట్లో పెట్టి, పొద్దున మిల్లు నుంచి రాగానే ఒకటి, సాయంత్రం మిల్లుకు పోబోయే ముందు ఒకటి, గ్లాసుడు నీళ్ళతో తనే చేతికిచ్చేవాడు. పద్నాలుగు నెలల్లో ఒక్క పూట తప్పలేదు. అయినా రోగం ముదిరింది. డిసెంబరులో ఒక తెల్లవారుజామున, అతను మిల్లులో ఉండగా, ఆమె పోయింది. వచ్చేసరికి గోడ వైపు తిరిగి ఉంది. నిద్రపోతుందనుకుని అతనే టీ పెట్టుకున్నాడు. సగం తాగాక గాని ఇల్లు ఎందుకంత నిశ్శబ్దంగా ఉందో తట్టలేదు. మందులకు మాత్రం లోటు చెయ్యలేదు అన్న ఒక్క మాట పట్టుకుని ఆ రోజులు గట్టెక్కాడు.

ఫ్యాను ఎందుకు కట్టేస్తావని పక్కింటివాళ్ళు గుచ్చి అడిగితే ఒకసారి నోరు జారాడు. ఆ సంగతి కాలనీలో పాకి, మెల్లగా జ్ఞానానందం అయ్యగారి చెవిన పడింది. వాళ్ళ లూథరన్ చర్చి పాస్టరు గారు ఆయన. మంచి మనిషి, కాకపోతే ప్రతిదానికీ ఒక ప్రార్థన ఉందనుకుంటాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నేరుగా ఇంటికే వచ్చాడు. మంచం మీద కూర్చుని, కూతలు వినపడే గోడకే వీపు ఆనించాడు. లూకాకు మనసులో చివుక్కుమంది.

"చూడు లూకా, ఇంట్లో ఏదో వినపడుతుందంటున్నారు. అది కొండమ్మ కాదు. మనవాళ్ళు ప్రభువులో నిద్రిస్తున్నారు. అటువంటివి మనసులో పెట్టుకోకూడదు. గృహ ప్రార్థన పెట్టుకుందాం, ఏదున్నా పోతుంది" అన్నాడు.

కొండమ్మ సమాధి రాయి మీద కూడా అదే మాట చెక్కించారు, ప్రభువునందు నిద్రించెను అని. ఆ రాయి కడిగి, సున్నం వేసి, సమాధుల పండక్కి పూలు పెట్టినప్పుడల్లా ఆ అక్షరాలు వేలితో తడిమేవాడు.

"అయ్యగారూ, ఒక మాట అడగొచ్చాండి?"

"అడుగు."

"నిద్రపోయేవాళ్ళు ఊపిరి తీస్తారు గదండీ?"

గది చల్లగా లేదు, అయినా ఆయన భుజం మీద కండువా దగ్గరికి లాక్కున్నాడు. గృహ ప్రార్థన ఎప్పుడు పెట్టుకోవాలో మళ్ళీ చెబుతానని లేచి వెళ్ళిపోయాడు. లూకా ఆ రోజును రానివ్వలేదు. ప్రార్థనకు కొండమ్మ పోతుందేమోనని అతని భయం.

కూతురు సుజన బాపట్లలో ఉంటుంది, కాలేజీ ఆఫీసులో గుమాస్తా. నాన్నను తన దగ్గరికి రమ్మని చెవినిల్లు కట్టుకుని పోరితే, ఆ ఎండాకాలం చివర ఎనిమిది రోజులు వెళ్ళాడు. అల్లుడు అజయ్ బాబు స్కూటరు మీద సూర్యలంక తీసుకెళ్ళాడు. సముద్రపు గాలికో ఏమో, నాలుగో రోజుకు ఛాతీ తేలికపడింది. మేడ మెట్లు ఆగకుండా ఎక్కాడు. కూతురు సంబరపడింది. అతనికి మాత్రం దిగులు పట్టుకుంది. ఎంత ప్రయత్నించినా, మధ్యాహ్నం ఫ్యాను కట్టేసుకున్నా, అక్కడ కొండమ్మ లేదు.

"అమ్మ ఇంట్లో ఒక్కతే ఉందే" అన్నాడు ఎనిమిదో రోజు, సంచి సర్దుకుంటూ.

సుజన చేతిలో కంచం అలాగే ఉండిపోయింది. "ఏంటి నాన్నా ఆ మాటలు" అంది. ఆ పిల్ల గొంతులో భయం విని అతను సంచి మూతి బిగించుకున్నాడు.

రేపల్లె వచ్చాక రెండు రోజులు గదిలో చప్పుడు లేదు. వదిలేసి వెళ్ళానని అలిగింది అనుకున్నాడు. మిల్లుకు పోవడం మొదలుపెట్టాడు. మూడో రోజు మధ్యాహ్నం సన్నగా ఈల వినిపించింది. వారం తిరిగేసరికి మునుపటికన్నా గట్టిగా వచ్చింది. ఇక చచ్చినా ఈ ఇల్లు వదలకూడదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాడు.

ఇంకొకటి కూడా జరుగుతుండేది. మంచి నిద్రలో ఉండగా ఎవరో గుండెల మీద చెయ్యి వేసి నెట్టి లేపినట్టు ఉలిక్కిపడి లేచేవాడు, నోరు తెరుచుకుని, గాలి కోసం కొట్టుకుంటూ. రోజుకు నాలుగుసార్లు, అయిదుసార్లు. ఒక్కోసారి లేచేసరికి నెట్టిన చెయ్యి బరువు ఇంకా ఛాతీ మీద ఉన్నట్టే ఉండేది. అదీ కొండమ్మ పనే అనుకున్నాడు. ఎందుకు లేపుతుందో మాత్రం అర్థమయ్యేది కాదు. నిద్ర చాలక మిల్లులో జోగడం మొదలుపెట్టాడు. సెప్టెంబరులో ఒక రోజు ఊక పార పట్టుకుని, తెరిచిన పొయ్యి ముందు, నిలబడే నిద్రపోయాడు. మంట వైపు ఒరిగిపోతుంటే పక్క పనివాడు వీరాస్వామి కాలరు పట్టుకుని వెనక్కి గుంజాడు. కనుబొమలు కమిలాయి, అంతే. ఇంకో క్షణం ఆలస్యమైతే ఈ కథ అక్కడితో ముగిసేది.

మిల్లు యజమాని జనార్దనరావు పొద్దున్నే పిలిపించాడు. "ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నా లూకా, నువ్వు కునుకు తీసే మనిషివి కాదు. ఇదేదో రోగం. తెనాలిలో ఊపిరితిత్తుల డాక్టరున్నాడు, చూపించుకుని కాగితం తీసుకురా. అప్పటిదాకా బాయిలర్ దగ్గరికి రావద్దు."

"మరేం లేదండి బాబుగారూ, నిద్ర చాలక..."

"ఆ నిద్ర ఎందుకు చాలట్లేదో రాయించుకురా."

లూకాకు రోగమంటే భయం లేదు. రోగమని తేలితే సుజన బాపట్ల లాక్కుపోతుంది. ఈ ఇంటికి తాళం పడుతుంది. తాళం వేసిన ఇంట్లో గోడ వైపు తిరిగి ఆ మనిషి ఒక్కతే ఊపిరి పీల్చుకుంటూ ఉంటుంది. అయినా తప్పలేదు. బయలుదేరే రోజు గడపలో ఆగి, ఖాళీ గదిలోకి చూసి, "సాయంత్రం బండికి వచ్చేస్తా" అని చెప్పి తెనాలి రైలెక్కాడు.

డాక్టరు శ్రీకర్‌కు ముప్పై అయిదేళ్ళుంటాయి. తొందర లేకుండా మాట్లాడాడు. వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు.

"పిల్లికూతలు వస్తాయా?"

"నాకు లేవండి. మా ఆవిడకుండేవండి."

డాక్టరు అతని మొహంలోకి ఒకసారి చూశాడు గాని తర్కించలేదు. ఊపిరి బలం కొలిచే గొట్టంలోకి ఊదించారు. కొవ్వొత్తి కూడా ఆరనంత నీరసంగా వచ్చింది ఆ ఊదడం. "ఊపిరి గొట్టాలు బిగుసుకుపోయాయి. నిద్రలో ఏం జరుగుతుందో కూడా చూడాలి. అందరినీ రాత్రి పడుకోబెడతాం. నీకు రాత్రే పగలు కాబట్టి ఇవాళ ఇప్పుడే పడుకో" అన్నాడు డాక్టరు.

నిద్ర గది రెండో అంతస్తులో ఉంది. కిటికీలకు మందపాటి తెరలు, ఏసీ హోరు. టెక్నీషియను జయలక్ష్మి అంగలకుదురు అమ్మాయి, నోటికి తాళం లేదు. తల నిండా తీగలు అంటించింది, ఛాతీకి ఒక పట్టీ, పొట్టకు ఒక పట్టీ కట్టింది, వేలికి క్లిప్పు తగిలించింది, గొంతు దగ్గర శనగగింజంత మైకు అతికించింది.

"భయపడకు బాబాయ్, కరెంటేం పెట్టం. హాయిగా పడుకో. గురక పెట్టనని అందరూ నాతో పందెం కాస్తారు, లేచాక నేనే వినిపిస్తా."

ముందు రాత్రంతా మేలుకునే ఉన్నాడేమో, రెండు నిమిషాల్లో పడిపోయాడు. ఎవరో నెట్టినట్టు ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డాడో అతనికే తెలియదు. మెలకువ వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. జయలక్ష్మి తీగలన్నీ పీకి, పక్క గదిలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. తెర మీద గీతలు ఎగుడుదిగుడుగా పోతున్నాయి.

"ఇదిగో, ఇది నీ ఛాతీ. ఇక్కడ చూడు, గీత చదునైపోయింది. ఊపిరి లేదు. ఒకటి కాదు రెండు కాదు, ఇరవై ఎనిమిది సెకన్లు. విను" అని మీట నొక్కింది.

స్పీకరులోంచి కొండమ్మ వచ్చింది.

సన్నటి ఈల, అడుగున గురగుర, వదిలేటప్పుడు సాగి, చివర్లో చిన్నగా విరిగింది. ఆ తరవాత అంతా ఆగిపోయింది. గడియారం ముల్లు నడుస్తున్న చప్పుడు. ఎంతకీ రాదు. ఎంతకీ రాదు. ఆ తరవాత నీళ్ళలో మునిగిన మనిషి పైకి తేలినట్టు ఒక్క పెద్ద ఊపిరి.

లూకా కుర్చీలోంచి సగం లేచాడు. మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ ఇంటికి అంటిపెట్టుకుని ఉందనుకున్నాడు. బాపట్ల రాలేదు గాని ఇక్కడికి వచ్చింది. రైలెక్కి, తనతోపాటు మెట్లెక్కి, ఈ చల్లటి గదిలో తన పక్కన పడుకుంది.

"ఈవిడెప్పుడొచ్చిందమ్మా?" అన్నాడు. "నీకు కనపడిందా?"

జయలక్ష్మి చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. అద్దం తలుపులోంచి ఇందాకటి మంచం వైపు చూసింది. నలిగిన దుప్పటి తప్ప ఏమీ లేదు అక్కడ. అయినా ఆ అమ్మాయి చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం లూకా చూశాడు.

"ఎవరు బాబాయ్?"

"మా కొండమ్మ. అది దాని ఊపిరేనమ్మా. రెండేళ్ళయింది పోయి. రోజూ మధ్యాహ్నం వస్తది."

ఆ గదిలో రకరకాల మనుషులను పడుకోబెట్టిన అమ్మాయి అది. నవ్వలేదు. బల్ల మీది స్టెతస్కోపు తీసింది. చెవి కొనలు రెండూ అతని చెవుల్లో పెట్టింది. బిళ్ళను అతని చొక్కా గుండీ తీసి, అతని రొమ్ము మీదే ఆనించింది.

"విను బాబాయ్."

కొండమ్మ ఊపిరి తీస్తోంది. ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

"ఇప్పుడు నువ్వు ఊపిరి బిగపట్టు."

బిగపట్టాడు. కొండమ్మ ఆగిపోయింది.

"వదులు."

వదిలాడు. కొండమ్మ వదిలింది.

మూడుసార్లు చేశాడు. నాలుగోసారి, తను కావాలని రెండు పొట్టి ఊపిరులు తీశాడు. లోపల ఆమె కూడా రెండు పొట్టి ఊపిరులు తీసింది. మంచం మీద పక్కన ఉందనుకున్న మనిషి చొక్కా లోపల ఉంది. చెవులు రిక్కించి విన్నప్పుడల్లా ఆమె ఎందుకు ఆగిపోయేదో ఇప్పుడు తెలిసింది. శ్రద్ధగా వినాలనుకున్న ప్రతిసారీ ఊపిరి బిగపట్టింది తనే. గుండెల మీద చెయ్యి వేసి లేపింది కూడా ఎవరూ కాదు. సిగ్గేసింది, భయమేసింది. అన్నిటికన్నా ఎక్కువగా, ఎవరో మళ్ళీ చచ్చిపోయినట్టు దుఃఖం వచ్చింది.

"నీకూ అదే జబ్బు బాబాయ్. మిల్లు నుసి. అందుకే అదే చప్పుడు. నుసికి దూరంగా ఉండి మందు వాడితే ఈ కూతలు తగ్గుతాయి. నిద్రలో ఊపిరి ఆగకుండా ముక్కుకు పెట్టుకునే మిషను ఒకటుంది, దాని సంగతి డాక్టరుగారు తరవాత చెబుతారు. ముందు ఇది" అంటూ జయలక్ష్మి సొరుగులోంచి ఒక సీసా, ఒక ప్లాస్టిక్ గొట్టం తీసి బల్ల మీద పెట్టింది. సీసా నిండా గొట్టం మాత్రలు. ఒక సగం ఎరుపు, ఒక సగం లోపలి పొడి తెల్లగా కనపడే గాజురంగు.

లూకా వాటిని వెంటనే గుర్తుపట్టాడు. "ఇవి మా కొండమ్మ వాడినవే" అన్నాడు. కనీసం ఇది తెలిసిన సంగతి. ఒకటి తీసుకుని, ఇంకో చేత్తో బల్ల మీది మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"అయ్యో, మింగకూడదు బాబాయ్! అందరూ ఇదే పొరపాటు చేస్తారు. ఇది కడుపులోకి కాదు, ఊపిరిలోకి. ఈ గొట్టంలో పెట్టి, తిప్పి, లోపలి పొడిని గట్టిగా పీల్చాలి. ఆంటీకి ఈ గొట్టం ఇచ్చే ఉంటారుగా?"

గొట్టం. శిబిరం చీటీలో రెండో వరస ఉంది. మందుల కొట్టువాడు మాత్రలు కట్టిచ్చి, గొట్టం రెండ్రోజుల్లో వస్తుందన్నాడు. రెండ్రోజుల తరవాత ఎవరూ అడగలేదు. మాత్ర చేతిలో ఉంది కదా. మాత్ర అంటే మింగేదే కదా. లూకా గ్లాసు బల్ల అంచున పెట్టబోతే ఒరిగి నీళ్ళు ఒలికాయి.

"మింగితే ఏమవుతుందమ్మా?"

"ఏమీ కాదు" అంది జయలక్ష్మి, ధైర్యం చెప్పాలని. "పని చెయ్యదు, అంతే."

పద్నాలుగు నెలలు. పొద్దునొకటి, సాయంత్రమొకటి. ఒక్క పూట తప్పలేదు. ఆ అమ్మాయి అతని మొహం చూసి, అన్న మాట వెనక్కి తీసుకోలేక, నీళ్ళు తుడవడం మొదలుపెట్టింది. ఎలా పీల్చాలో రెండుసార్లు చేసి చూపించింది. లూకా తల ఊపుతూనే ఉన్నాడు.

సాయంత్రం బండిలో కిటికీ పక్కన కూర్చున్నాడు. తెనాలి నుంచి రేపల్లె దాకా పొలాల మీద ఎండ తగ్గుతూ వచ్చింది. ఎదుటి సీటులో చంటిపిల్ల నిద్రపోతోంది. దాని ఊపిరిలో చప్పుడు లేదు. ఊపిరికి చప్పుడు ఉండకూడదన్న సంగతి లూకా ఎప్పుడో మరిచిపోయాడు.

నాలుగు రోజులు మందు ముట్టలేదు. ఆస్పత్రి సంగతి మిల్లువాళ్ళ ద్వారా తెలిసి సుజన ఫోను చేసి అడిగితే వాడుతున్నానని అబద్ధమాడాడు. మిల్లు లేదు, పగలూ రాత్రీ ఇంట్లోనే. రోగం ముదిరింది గనక, నుసికి దూరంగా ఉన్నా పడుకుంటే చాలు, కూతలు వచ్చేవి. తనవేనని తెలుసు. తెలిసినా గోడ వైపు నుంచే వచ్చేవి. బుర్రకు ఎంత నచ్చజెప్పినా చెవి ఒప్పుకునేది కాదు. పోనీ తన ఛాతీలో ఉంటే మాత్రమేం, ఆ చప్పుడు ఆమెదే. లోకంలో ఆమెది మిగిలింది అదొక్కటే. మందు పీల్చి దాన్ని కూడా తన చేత్తో చంపుకోవాలా? చేతికిచ్చిన నీళ్ళ గ్లాసులతో ఒకసారి చంపింది చాలదా? ఆమెకు అందని మందు తనకు మాత్రం ఎందుకు? ఇలా సాగేవి ఆలోచనలు. ఈ లెక్కన డిసెంబరుకల్లా తనూ ఆ రాయి పక్కనే ఉంటాడని తెలుసు. ఉంటే ఉందాం అనుకున్నాడు.

అయిదో రోజు మధ్యాహ్నం ఎప్పటికన్నా గట్టిగా పట్టుకుంది. నిద్రలోంచి ఎగిరిపడి లేచాడు. గాలి లోపలికి పోదు, పోయింది బయటికి రాదు. మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, భుజాలు చెవుల దాకా ఎత్తి, మెడ ముందుకు చాచి లాగాడు. గోడకున్న అద్దంలో ఆ ఆకారం కనపడింది. కొండమ్మ ఇలాగే కూర్చునేది. ఈ అంచునే, ఈ చేతులు ఇలాగే ఊని. అతను పక్కకు తిరిగి పడుకుని, ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవాడు. పదేళ్ళు జోలపాటలా విన్నాడు. పోయాక రెండేళ్ళు తోడనుకుని విన్నాడు.

విన్నాడు గాని, ఆ ఊపిరి ఎప్పుడూ తీసి చూడలేదు. ఇప్పుడు తీస్తున్నాడు. ఒక్కో గుక్కకూ పక్కటెముకలు విరుగుతున్నాయి. ఇంత బాధా ఇది? తను ప్రేమగా, ఆశగా, రోజూ రమ్మని పిలిచింది ఆమెను కాదు, ఆమె పడ్డ ఈ నరకాన్ని. నిజంగా ఆమే ఈ గదిలో ఉంటే, రెండేళ్ళుగా ఇలాగే కొట్టుకుంటూ ఉందన్నమాట. ఉక్కపోసే గదిలో, తలుపులు మూసి, నువ్వు ఊపిరాడక కొట్టుకుంటే నాకు తోడుగా ఉంటుందని కూర్చోబెట్టాడన్నమాట.

"వద్దే" అన్నాడు. మాట సగమే వచ్చింది. "ఇంక వద్దు కొండమ్మా."

మాత్రను గొట్టంలో పెట్టాడు. జయలక్ష్మి చూపించినట్టు తిప్పాడు. ఉన్న కాస్త గాలీ బయటికి వదిలి, పెదాలు బిగించి, ప్రాణం పెట్టి లాగాడు. నాలుక మీద పొడి తగిలింది. తియ్యగా ఉంది. ఆ తీపి కొండమ్మకు ఎప్పటికీ తెలియలేదు. పది లెక్కపెట్టి వదిలాడు. ఇంకొక్కసారి లాగాడు.

ముందు అడుగున ఉన్న గురగుర సద్దుమణిగింది. సన్నటి ఈల ఇంకా ఉంది. అది పలచబడింది, ఒక గుక్క ఉండి, ఒక గుక్క లేక, దూరంగా పోతున్నట్టు పోయింది. చివరిసారి సాగి, చిన్నగా విరిగి, ఆగిపోయింది. ఈసారి అతను ఊపిరి తీస్తూనే ఉన్నాడు. అయినా ఏమీ వినపడలేదు.

గదిలో ఎవరూ లేరు. గోడ ఉంది, మంచం ఉంది. పెద్దగా పిలిచాడు, ఇంటి పేరుతో సహా పిలిచాడు. పిలుపు నాలుగు గోడలకూ తగిలి ఊరుకుంది. అప్పుడు లూకా ఆ మంచం అంచునే తల పట్టుకుని, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు అన్నాలు వదిలేసి పరిగెత్తుకొచ్చేంత గట్టిగా ఏడ్చాడు. అంత గట్టిగా ఏడవడానికి సరిపడా ఊపిరి అతనికి ఆ రోజే దొరికింది.